మూడు కొటేషన్లు

2 జూన్ 2025

కాలనీ బోరు మోటారు కాలిపోయింది. ట్యాంకు అడుగంటినాక గానీ తెలియలేదు. వైండింగ్ షాపాయనకు ఫోన్ చేస్తే పొద్దు గుంకక ముందే కార్వేటినగరం నుంచి వచ్చినాడు. వెంట ఇద్దరు పిల్లకాయలు, గొలుసు, మూడు కాళ్ళ స్టాండు. పైపులు ఒక్కొక్కటే పైకొస్తా ఉంటే కాలనీ ఆడోళ్ళు ఫోన్ లైట్లు పట్టుకున్నారు.

"రేపు మధ్యాన్నానికి దించేస్తాం మేడమ్."

నేను ఈ పంచాయతీకి కార్యదర్శిగా రాకముందు చేసిన రెండు మోటార్ల డబ్బులు ఆయనకు ఇంకా రాలేదు. పొద్దున పాత ఫైలు తిరగేస్తే కనబడింది. ఆయన మాత్రం ఆ మాటే ఎత్తలేదు. మొహమాటమా? అడిగితే తర్వాతి పని పోతాదనా?

5 జూన్

మండలాఫీసులో మీటింగు. ఇకమీద సామాన్లు ఏవి కొన్నా కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్ చూసి కొనండి అన్నారు. కొత్త మాటేం కాదు. 2023 ఏప్రిల్ 24న రీవాలో ప్రధాని పంచాయతీల లెక్కల ఈ-గ్రామ్ స్వరాజ్‌కి జెమ్‌ని కలిపిన దగ్గర్నుంచీ చెప్తానే ఉండారు.

ఇంటికొచ్చి వీధిలైట్లు చూసినా. నలభై కావాల. పుత్తూరు అంగడి ధర కంటే బాగా తక్కువ. అమ్మేవాళ్ళు ఘజియాబాద్, అహ్మదాబాద్. మా ఊరి పేరు వాళ్ళు ఏ జన్మలో విని ఉంటారు?

తక్కువకు కొంటే మిగిలేది ఊరోళ్ళ డబ్బే. ఇంటిపన్ను రసీదు కొంగున ముడేసుకుని పోతాదే ఒక ముసలామె, ఆమె డబ్బు. ఎక్కువ పెట్టి ఊర్లో కొంటే ఆ ఎక్కువ కట్టేదీ ఆమే. ఊరంటే అంగడాయన ఒక్కడేనా?

8 జూన్

నిన్న కలెక్టరు ఉత్తర్వు వచ్చింది. కర్ణాటక తోతాపురి మామిడి జిల్లాలోకి రాకూడదు. చెక్‌పోస్టుల్లో పోలీసులు, రెవెన్యూ, మార్కెటింగోళ్ళు. టీ అంగడి కాడ పండగే. మామ ఆ వార్త నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. తోటలో కాయ కోతకొచ్చి ఉంది.

నాకూ సంతోషంగానే ఉంది. దాచేదేముంది? మన జిల్లా ఫ్యాక్టరీలు ముందు మన కాయ కొనాల. అంతే.

పడుకోబోతా ఉంటే… బల్బుల దగ్గర ముసలామె గుర్తొచ్చింది. కాయ దగ్గర ఎవరూ గుర్తుకు రాలేదే. అది మా ఇంటి కాయ గాబట్టా?

12 జూన్

బళ్ళు తెరిచినారు. కొత్త బ్యాగులు, బూట్లు, బెల్టులు, యూనిఫారం గుడ్డ. మధ్యాన్నం అన్నం సన్నబియ్యంతో. పిల్లకాయలు కంచాలు నాకేసినారు.

ఎదురింటి టైలరక్క మిషను తలుపు దగ్గరికి లాక్కుని కూర్చుంది. గుడ్డ యాడ నేసిందో ఎవరికీ తెలియదు. కుట్టేది మాత్రం ఈ వీధిలోనే. కుట్టుకూలి తల్లుల ఖాతాలో పడతాది. ఎనిమిదో తరగతి దాకా మూడు జతలకు 120, తొమ్మిది, పది వాళ్ళకు 240.

"జతకి నలభై. దారం, గుండీలు, జిప్పు పోను నాకేం మిగులుతాది పాపా? పైన ఇంకొంత అడగాల, తల్లులతో తిట్టించుకోవాల."

ఊర్లో మిగిలిన పని ఇది. పని మిగలడం ఒకటి, కూలి మిగలడం ఇంకొకటి.

మామిడి గురించి కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాసినాడంట. మామ పేపరు మడిచి పక్కన పడేసినాడు. ఈసారి చదవమనలేదు.

15 జూన్

ఆదివారం పూట సర్పంచమ్మ మరిది ఇంటికొచ్చినాడు. వీధిలైట్లకు మూడు కొటేషన్లు. మూడు అంగళ్ళ లెటర్‌హెడ్లు, మూడు స్టాంపులు. మూడింట్లోనూ "నలబై" అనే ఉంది. ఒకే చెయ్యి, ఒకే పెన్ను. మధ్యలోని ధర మిగతా రెండింటికంటే కొంచెం తక్కువ. అది ఆయన బావమరిది అంగడి.

"యాడోళ్ళకో ఎందుకు మేడమ్ ఇచ్చేది? మనూరోడికిస్తే డబ్బు మనూర్లోనే ఉంటాది గదా."

తిరిగి ఏం చెప్పాల? పోయిన వారం నా తలలో తిరిగిన మాటే. ఆయన నోట వింటే ఎందుకు వెగటేసింది?

ఊరోడే ముందు అని గీత గీస్తే ఈ మరిది గీతకు లోపల. రాత్రిపూట పైపులెత్తిన వైండింగాయన బయట. ఆయనది ఈ పంచాయతీ గాదు.

కాఫీ ఇచ్చి పంపించినా. కొటేషన్లు ఫైల్లో పెట్టలేదు, బయటా పారెయ్యలేదు.

17 జూన్

కరెంటు లేదు. ఫోన్లో నియమాలు చదువుతా కూర్చున్నా.

2017 కేంద్ర ఆర్థిక నియమావళి. అప్పట్లో పెట్టిన లెక్క: 25 వేల దాకా కొటేషన్ అక్కర్లేదు, ఆ పైన రెండున్నర లక్షల దాకా ముగ్గురు మనుషులు బజారుకు పోయి ధర, నాణ్యత చూసి సంతకం పెట్టాల. మూడు కాగితాలు గాదు, ముగ్గురు మనుషులు. నడిచి పోయి చూడాల.

2012 చిన్న పరిశ్రమల విధానం. కేంద్ర శాఖలు, సంస్థలు కొనేదాంట్లో నాలుగో వంతు చిన్న యూనిట్ల దగ్గర. అందులో ఎస్సీ, ఎస్టీలకు 4 శాతం, ఆడవాళ్ళకు 3. అందరికంటే తక్కువ చెప్పినవాడి కంటే చిన్నవాడి ధర 15 శాతం లోపు ఎక్కువుంటే, ఆ తక్కువకే ఇస్తావా అని అడగాల. ఇస్తానంటే కొంత ఆర్డరు అతనికి. ఎక్కువ డబ్బు ఇవ్వమని యాడా లేదు. ఇంకొకసారి అడగమని ఉంది.

2017 జూన్ 15 నాటి మేకిన్ ఇండియా ఉత్తర్వు కూడా స్థానిక సరఫరాదారుకే మొదటి పీట వేస్తాది. అక్కడ గీత దేశం పొలిమేర. ఘజియాబాద్ వాడూ లోపలే.

నా పంచాయతీకి పొలిమేర ఎవరు గీస్తారు?

22 జూన్

పళ్ళిపట్టులో నిశ్చితార్థం. చెక్‌పోస్టు దాటితే తమిళనాడు, కానీ పెండ్లివారింట్లో అంతా తెలుగే. భోజనాల పక్క వీధిలో మరమగ్గాల చప్పుడు. మాట్లాడాలంటే గొంతు పెంచాల.

అక్కడ సంక్రాంతికి పేదలకు ఇచ్చే ధోవతి, చీర 1983లో ఎమ్‌జీఆర్ పెట్టినాడు. కట్టుకునేవాళ్ళకు గుడ్డ, నేసేవాళ్ళకు పని. ఒకే ఖర్చు, రెండు కడుపులు. ఇన్ని ప్రభుత్వాలు మారినా తీసెయ్యలేదు.

ఇటు నగరి, ఏకాంబరకుప్పంలోనూ మగ్గాలుండాయి. మా బడి పిల్లల గుడ్డ మాత్రం యాడిదో ఎవరూ చెప్పరు.

వస్తా పుత్తూరులో దిగి స్టార్టరు ధర అడిగినా. 2022 ఏప్రిల్ 4 నుంచి పుత్తూరు తిరుపతి జిల్లా, మేము చిత్తూరు జిల్లా. నిన్నటిదాకా మన అంగడి, తెల్లారేసరికి పక్క జిల్లా అంగడి. ధరలో ఏం తేడా లేదు.

23 జూన్

నిన్నటి మగ్గాల చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. సిరిసిల్ల గుర్తొచ్చింది.

2017లో తెలంగాణలో బతుకమ్మ చీరలు. మరమగ్గాల కార్మికులను ఆదుకోవాలని పెట్టిన పథకం. టైము చాలక ఆ ఏడు సగం దాకా సూరత్ నుంచి తెప్పించినారు. నాణ్యత లేదని ఆడోళ్ళు చీరలు కాల్చేసినారు. తర్వాత్తర్వాత ఆర్డరంతా సిరిసిల్లకే. కొన్నేళ్ళు బాగా నడిచింది. ప్రభుత్వం మారినాక 2024లో బతుకమ్మ చీరలకు కొత్త ఆర్డరు లేదు, పాత బకాయిలు చాన్నాళ్ళు రాలేదు, మగ్గాలు ఆగినాయి.

కొనకపోతే ఒక చావు. ఒక్కరే కొంటా ఉండి మానేస్తే ఇంకొక చావు. దీనికి మందేంది?

27 జూన్

మామ ట్రాక్టరు ఫ్యాక్టరీ గేటు ముందర రెండో రాత్రి. టోకెన్ ఉంది, వంతు రాలేదు. కింది వరస కాయ మెత్తబడతా ఉందంట.

కిలోకి 12 అన్నారు. ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ నాలుగు ప్రజల డబ్బు. ఆ ఎనిమిదే వచ్చేలా లేదు. పోయినేటి గుజ్జు గోదాముల్లోనే ఉంది, ఎగుమతులు లేవు అంటా ఉండారు ఫ్యాక్టరీవాళ్ళు. కర్ణాటక కాయను ఆపినాం. సరే. మన కాయను కొనేవాడు యాడ?

అవతల వాళ్ళకు రెండున్నర లక్షల టన్నుల దాకా ధర తేడా కట్టడానికి కేంద్రం ఒప్పుకుంది. రెండు పక్కలా రైతే. రెండు పక్కలా అదే కాయ.

వాకిలి మూసేసినంత మాత్రాన ఇంట్లో బియ్యం పెరగవు.

30 జూన్

అక్క కొడుకు ఇంగ్లండు నుంచి ఫోన్ చేసినాడు. చదివేది ప్రెస్టన్‌లో. బల్బుల గోల చెప్తే నవ్వి, "చిన్నమ్మా, మా ఊరి కౌన్సిల్‌ది ఇదే కథ" అన్నాడు.

2011లో వాళ్ళకు పెద్ద షాపింగ్ సెంటరు వస్తాదని వస్తాదని రాలేదంట. అప్పుడు కౌన్సిలు, కాలేజీ, పోలీసు లాంటి పెద్ద సంస్థలన్నీ కూర్చుని మన డబ్బు యాడికి పోతా ఉందో చూసుకున్నారు. 2012-13లో ఊర్లో ఖర్చయింది 3 కోట్ల 80 లక్షల పౌండ్లు, మొత్తంలో 5 శాతం. 2016-17కి 11 కోట్లు దాటింది, 18 శాతం.

"ఊరోళ్ళకే ఇవ్వాలని రూలు పెట్టినారా?"

"లేదు. అప్పట్లో పెట్టడానికి చట్టం ఒప్పుకోలేదు. పెద్ద కాంట్రాక్టులను చిన్న ముక్కలు చేసినారు. బడి భోజనం ఒకే కాంట్రాక్టుగా గాకుండా గుడ్లు వేరే, పెరుగు వేరే. చుట్టుపక్కల రైతులు అందుకోగలిగినారు."

ముక్కలు! ఇక్కడ ముక్కలు చేస్తే ఆడిట్ పేరా. టెండరు తప్పించుకోవడానికే విడగొట్టినారంటారు. చాలాసార్లు ఆ మాట నిజం గూడా. చేసే పని ఒకటే. ఎందుకు చేసినామో ఏ ఫైలు చెప్తాది?

4 జూలై

వైండింగాయన ఆఫీసుకొచ్చినాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఇంగ పని ఇవ్వకపోయినా ఫరవాలేదు మేడమ్. చేసినదానికి ఇచ్చెయ్యండి. రాగి తీగ పుత్తూరులో అప్పు మీద తెచ్చేది. వాళ్ళకు నెలనెలా వడ్డీ కడతా ఉండా."

అంటే ఇన్నాళ్ళూ ఊరికి అప్పిచ్చింది ఈయన. వడ్డీ కట్టిందీ ఈయనే. పోర్టల్లోని అహ్మదాబాద్ ధర పక్కన ఈయనలాంటోళ్ళ ధర పెట్టి ఎక్కువ అన్నాం. ఆ ఎక్కువలో వడ్డీ ఎంత?

డబ్బు లేదా అంటే ఉంది. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్ళకూ పారిశుద్ధ్యానికీ కట్టేసి ఉంటాది. మోటారు రిపేరు అందులోదే. పని కొలతలు రాసే ఎం-బుక్కులో ఒక సంతకం లేదు. ఆయన బ్యాంకు ఖాతా వెండరుగా ఎక్కించలేదు. అంతే అడ్డం.

సాయంత్రం ఎం-బుక్కు పట్టుకుని ఇంజినీరు దగ్గరికి పోయినా.

6 జూలై

2006 చిన్న పరిశ్రమల చట్టం. చిన్న యూనిటుకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాల. దాటితే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. చట్టంలోనే ఉంది.

ఎవరి దగ్గర కొనాల అని మీటింగుల్లో గంటలు గంటలు. కొన్నాక ఎప్పుడివ్వాల అని ఒక్కరన్నా అడగగా వినలేదు.

ఆ హక్కు కావాలంటే ఉద్యమ్ నమోదు ఉండాల. ఆధార్, పాన్ తెమ్మన్నా. ఫోన్లోనే చేసినాం, పైసా ఖర్చు లేదు. ధృవపత్రం చూసి "ఇది గోడకు కట్టాల్నా మేడమ్?" అన్నాడు. పాత బిల్లుకు పనికిరాదేమో. ఇకమీదటి వాటికి.

9 జూలై

బంగారుపాళ్యం యార్డుకు జగన్ వచ్చినాడంట. రోజంతా టీవీలో అదే. కాయలు రోడ్డు మీద. మామ టీవీ కట్టేసి తోటకు పోయినాడు.

12 జూలై

ముగ్గురం పోయినాం. నేను, ఒక వార్డు మెంబరు, ఇంజినీరింగ్ అసిస్టెంటు. కార్వేటినగరం, పుత్తూరు, పళ్ళిపట్టు. బల్బు చేతిలో పట్టుకుని చూసినాం. బరువు, వాట్లు, గ్యారంటీ కార్డు. పోయినప్పుడు నవ్వులాటగా ఉండింది. మూడో అంగడికి మెంబరే బేరమాడతా ఉండాడు.

రాసుకున్నవి: బల్బులు పోర్టల్లోనే చవక, గ్యారంటీ సమానం. కానీ స్తంభం ఎక్కి బిగించేది, కాలిపోతే దించి పంపించేది పోర్టల్ చెయ్యదు. ఆ పనికి ధర వేరే అడిగినాం. ఈ మండలంలో ఇద్దరు చెప్పినారు, పుత్తూరులో ఒకరు.

విడగొట్టినట్టే. ఎందుకు విడగొట్టినామో తీర్మానంలో పూర్తిగా రాయాల. ఆడిట్‌కి ముందే.

తిరిగొచ్చేటప్పుడు కార్వేటినగరం పుష్కరిణి మెట్ల మీద కాసేపు. రాజులు ఇది కట్టించినప్పుడు రాళ్ళు కొట్టినోళ్ళు యాడోళ్ళో? కూలి ఎప్పుడిచ్చినారో?

14 జూలై

ధరలన్నీ తెల్లకాగితం మీద రాసి ఆఫీసు గోడకు అంటించినా. పోర్టల్‌వి, అంగళ్ళవి, మరిది ఇచ్చిన మూడూ గూడా. "నలబై"తో సహా.

మధ్యాన్నానికి జనం గుంపు. టైలరక్క చదివి, "కుట్టుకూలిది గూడా ఇట్లా రాసి పెట్టు పాపా" అంది. అది నా చేతిలో లేదు. ఆమెకు అట్లా చెప్పలేకపోయినా.

సాయంత్రం మరిది ఫోను. "పరువు తీసినారు మేడమ్." ఆయన కాగితం ఆయనకే పరువు తక్కువైందా?

16 జూలై

సర్పంచమ్మ ఆఫీసుకొచ్చింది. గోడ దగ్గర చాలాసేపు నిలబడింది. నాకు కాళ్ళు వణికినాయి, ఒట్టు.

"బల్బులు యాడన్నా కొనండి. నాకు రేత్రి పన్నెండుకు ఫోనెత్తేవాడు కావాల. కాలనీలో నీళ్ళు రాకపోతే బిందెలు తీసుకుని మా ఇంటికే వస్తారు, ఘజియాబాదుకు పోరు."

మరిది గురించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఇంట్లో ఏం జరిగిందో…

ఆమె మాట తీర్మానంలో పెట్టినా: పిలిచిన ఇరవై నాలుగు గంటల్లో రావాల, రాకపోతే కోత. ఊరు పేరు రాయలేదు. వచ్చేవాడిది ఏ ఊరైతే ఏం?

23 జూలై

డాంగిల్ పెట్టి నేను, సర్పంచమ్మ డిజిటల్ సంతకాలు చేసినాం. రెండు పాత మోటార్ల బిల్లులు, ఒకటి కొత్తది. సాయంత్రానికి వైండింగాయన ఫోన్: "పడినాయి మేడమ్." గొంతులో సంతోషం కంటే ఆశ్చర్యం ఎక్కువ. వడ్డీ ఎవరిస్తారు అని నేనే అడగబోయి ఆగిపోయినా. ఇచ్చే తల యాడుంది?

టీ అంగడి కాడ మాత్రం వేరే మాట. "మనూరోడి కడుపు కొట్టి ఉత్తరాదికి డబ్బు పంపిస్తాది మేడమ్." ఎవరన్నారో తెలుసు. తప్పని గట్టిగా చెప్పగలనా? పోర్టల్లో కొన్న నలభై బల్బుల డబ్బు బయటికి పోయిన మాట నిజం.

26 జూలై

కొత్తగా దించిన మోటారు కేబులు జాయింటు దగ్గర వేడెక్కుతా ఉందని ట్యాంకు అబ్బాయి. వైండింగాయన వచ్చి టేపు తిప్పి పోతాంటే ఆపినా. కంపెనీ జాయింటింగ్ కిట్ వాడాల, ధర బిల్లులో వెయ్యి అన్నా. ఒళ్ళు మండింది ఆయనకు. "ఇన్నేళ్ళుగా టేపే వేస్తా ఉండాం."

1916 ఫిబ్రవరిలో మద్రాసు మిషనరీల సభలో గాంధీ చెప్పిన స్వదేశీలో సగమే మనం పట్టుకున్నాం. పొరుగువాడు చేసిందే వాడు అన్న సగం. వాడి పనిలో కొరత ఉంటే అది తీరేలా తోడ్పడు అన్నది రెండో సగం. మొదటిది తేలిక. రెండోదానికి రోజూ మనిషితో గొడవ.

కిట్ తెచ్చి వేసినాడు చివరికి. మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

27 జూలై

గ్రామసభకు రాసిపెట్టుకున్నవి:
ధరలు గోడ మీద.
ముగ్గురు పోయి చూసి రావడం.
మండలంలో ధర దగ్గర దగ్గరగా ఉన్నవాడిని ఇంకొకసారి అడగడం.
బిల్లు 45 రోజులు దాటితే ఎందుకు దాటిందో అదే గోడ మీద.

నాలుగోది రాసి కొట్టేసి మళ్ళీ రాసినా. అది అంటించాల్సింది నా పేరు మీద. వచ్చే ఏప్రిల్‌కి ఈ పాలకవర్గం గడువు అయిపోతాది. నాకు ఎప్పుడు బదిలీ వస్తాదో. ఆ తర్వాత?

బ్లీచింగ్ పౌడరు అయిపోవచ్చింది. రేపు ధరలు అడగాల. మరిదికి గూడా కబురు పంపాల, ఆయనా ఊరోడే గదా. గోడ మీద పడతాదని తెలిసినాక ఈసారి ఎంత రాస్తాడో చూడాల.